పెడల్ ఫ్రేముది, క్యాబిన్ ఇంకొకరిది

పాత అమెరికన్ పికప్ ఎక్కడ కనబడినా నేను డోరు తీసి, కిందికి వంగి, క్లచ్చు, బ్రేకు పెడళ్లు ఫ్లోరు రేకులోంచి పైకొచ్చే చోటు చూస్తాను. ఇంజను తర్వాత, రంగు ఆ తర్వాత. పెడల్ రాడ్డు కన్నం నడిమధ్యన నిలబడి ఉంటే ఆ బండి ఒంటి మీద పెద్ద దెబ్బలు లేనట్టే. ఒక పక్క అంచుకు రాసుకుని ఇనుము మెరుస్తూ ఉంటే క్యాబిన్ జరిగిందో, ఫ్రేము వంగిందో, బుష్షు అరిగిందో తేల్చుకోవాలి.

ఈ చిక్కంతా పెడళ్లు క్యాబిన్‌వి కాకపోవడం వల్ల వచ్చింది. వాటిని కింద ఫ్రేముకు బిగించేవారు. మాస్టర్ సిలిండరూ అక్కడే, డ్రైవరు పాదాల కింద. బ్రేకు ఆయిలు చూడాలంటే ఫ్లోరులో చిన్న మూత తీయాలి. ఇలా ఎందుకు చేశారన్న ప్రశ్నకు జవాబు ఇంజనీర్ల దగ్గర కంటే వడ్రంగుల దగ్గరే ఎక్కువ దొరుకుతుంది. 1917లో ఫోర్డ్ కంపెనీ మోడల్ టీటీ ట్రక్కును తెచ్చినప్పుడు అమ్మింది ఒట్టి ఛాసిస్‌నే. పైన క్యాబిన్, వెనక తొట్టి కొన్నవాళ్లు బయట వడ్రంగులతో కట్టించుకునేవారు. మార్టిన్-ప్యారీ లాంటి కంపెనీలు ఆ పని మీదే బతికాయి. ఫ్యాక్టరీలోనే బిగించిన పికప్ బాడీతో ఫోర్డ్ మోడల్ టీ వచ్చింది 1925 ఏప్రిల్లో, ధర 281 డాలర్లు. 1930లో మార్టిన్-ప్యారీ వాళ్ల ఇండియానాపొలిస్ ప్లాంటును షెవర్లే కొనేసింది. ఆ రోజుల్లో ఛాసిస్ అంటే క్యాబిన్ లేకపోయినా తోలుకుపోగలిగే బండి. కాబట్టి స్టీరింగూ పెడళ్లూ ఫ్రేము మీదే ఉండక తప్పేది కాదు.

విజయవాడ ఆటోనగర్‌లో షెడ్ల మధ్య పెరిగినవాణ్ణి, నాకిది కొత్తగా అనిపించలేదు. తలకు తువ్వాలు చుట్టుకుని, చెక్క సీటు మీద కూర్చుని, ఎండలో దుమ్ములో కొత్త లారీ ఛాసిస్‌ను తోలుకొచ్చే డ్రైవర్లను చూస్తూనే పెద్దయ్యాను. మా మేస్త్రీలు పెడళ్లు ఎక్కడున్నాయో చూసుకుని వాటి చుట్టూ క్యాబిన్ కట్టేవారు. ఏ రెండు క్యాబిన్లూ అచ్చం ఒకేలా ఉండేవి కావు, కానీ పెడల్ ఫ్లోరుకు తగలడమనేది ఉండేది కాదు. డెట్రాయిట్ పద్ధతి వేరు. క్యాబిన్ ఒక చోట, ఛాసిస్ ఒక చోట తయారై, లైను మీద పైనుంచి దించితే కన్నాలు పెడళ్లకు సరిపోవాలి. మేస్త్రీ కంటి కొలత చేసిన పని అచ్చుల మీద, బోల్టుల మీద పడింది.

దాని మీద ఇంకో మెలిక రబ్బరు. గతుకుల్లో ట్రక్కు ఫ్రేము మెలి తిరుగుతుంది. క్యాబిన్‌ను దానికి గట్టిగా బిగిస్తే రేకు పగులుతుంది. అందుకే 1947లో వచ్చిన షెవర్లే అడ్వాన్స్ డిజైన్ ట్రక్కులకూ, 1948 జనవరిలో వచ్చిన ఫోర్డ్ ఎఫ్-1కూ క్యాబిన్‌ను రబ్బరు మీద కూర్చోబెట్టారు. చాలా మంచి పని. కానీ రబ్బరు ముసలిదవుతుంది. అది నలిగిన కొద్దీ క్యాబిన్ దిగుతుంది, పెడళ్లు మాత్రం దిగవు.

నాలాగే మిషిగన్‌లో ఉంటున్న మా ఊరి కుర్రాడొకడు ఫోన్ చేసి, "అన్నా, పది నిమిషాలు నడిపితే చాలు, బ్రేకులు వాటంతటవే పట్టేస్తున్నాయి. సిలిండరు కూడా మార్చాను" అన్నాడు. బండి 1950 షెవర్లే 3100. వెళ్లి చూస్తే క్యాబిన్ కాస్త ముందుకు జరిగి ఉంది. కన్నం వెనక అంచు పెడల్‌ను పూర్తిగా వెనక్కి రానివ్వడం లేదు. పెడల్ వెనక్కి రాకపోతే సిలిండరు లోపలి పిస్టన్ కూడా రాదు, ఆయిలు తిరిగి తొట్టిలోకి పోయే సన్నటి రంధ్రం మూసుకునే ఉంటుంది. వేడెక్కిన ఆయిలు వ్యాకోచించి, దారి లేక బ్రేకులను బిగబట్టేస్తుంది. "ఫైలు పెట్టి కన్నం పెద్దది చేసేద్దామా?" అన్నాడు. "వద్దురా, ముందు స్టీరింగ్ రాడ్డు చూడు" అన్నాను. స్టీరింగ్ బాక్సూ ఫ్రేముదే, దాని రాడ్డు కూడా అదే ఫ్లోరులోంచి వస్తుంది. పెడళ్లూ అదీ ఒకే వైపు తేడాగా ఉంటే జరిగింది క్యాబిన్. పెడల్ ఒక్కటే తేడాగా ఉండి, చేత్తో పట్టుకున్నప్పుడు పక్కలకు ఊగితే అరిగింది బుష్షు. ఈ బండిలో రెండూ ఒకే వైపున్నాయి.

ఫ్రేము కర్ణాలు కొలిచాం, సమానంగానే వచ్చాయి. డ్యాష్‌బోర్డు కింద స్టీరింగ్ రాడ్డు పట్టీ వదులు చేశాం. అది బిగించి ఉండగా క్యాబిన్‌ను తోస్తే రాడ్డు వంగుతుంది. ముందు ఫెండర్ల బోల్టులూ, క్యాబిన్ బోల్టులూ సడలించి, కొత్త రబ్బర్లు వేసి, ప్యాకింగు రేకులు పెడుతూ జరిపాం. డోరు సందులు సరిపోయే వేళకు పెడళ్లూ మధ్యకొచ్చాయి.

ఫోర్డ్ పికప్‌లకు 1957లో, షెవర్లేకు 1960లో పెడళ్లు పైనుంచి వేలాడడం మొదలైంది. పెడల్, సిలిండరు, క్యాబిన్ ఒకే రేకుకు చేరాయి, ఫ్లోరులో ఆ కన్నాల అవసరం తీరింది. ఇప్పుడు పాత బండ్లు బాగుచేసేవాళ్లు చాలామంది ఫ్లోరు కన్నాలు మూసేసి అలాంటి పెడళ్లే పెడుతున్నారు. ముందు, వెనక బ్రేకులకు వేర్వేరు ఆయిలు దారులుండే సిలిండరు కావాలంటారు. ఆ కోరిక సరైనదే, ప్రాణాలతో పని. కానీ ఆ సిలిండరును ఫ్లోరు కిందే పాత చోట బిగించే బ్రాకెట్లు అమెరికాలో దొరుకుతున్నాయి. రేకు కోయనక్కర్లేదు.