వీపులో పెరిగిన దవడ

జర్మనీలోని కీల్ నగరం. అక్కడ ఓ రోగి, వయసు 56. క్యాన్సర్ ఆపరేషన్‌లో కింది దవడ పోయి ఎనిమిదేళ్లు దాటింది. ఏడు సెంటీమీటర్లకు పైగా ఎముక లేదు. ఆ ఖాళీలో ఓ టైటానియం పట్టీ. పూటపూటకీ సూపు, లేదంటే మెత్తటి తిండి. ఎదురుగా రొట్టె ఉన్నా కొరకలేని బతుకు.

కాలి ఎముకో, తుంటి ఎముకో కోసి తెచ్చి అతకడం మామూలుగా చేసే పని. ఈయనకు గుండెలో కృత్రిమ కవాటం ఉంది. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతున్నారు. ఇంకోచోట కోత పెడితే రక్తస్రావం ఆగుతుందో లేదో!

అలాగని కొత్త ఎముకను తయారుచేసి నేరుగా దవడలో పెడితే? బతకదు. రక్తనాళానికి ఓ 0.2 మిల్లీమీటర్ల దూరం జరిగితే చాలు, ఆక్సిజన్ అందక కణం చచ్చిపోతుంది. ఎముక పుట్టించడం ఒక ఎత్తు, దానికి నెత్తురు పారించడం ఒక ఎత్తు.

సర్జన్ ప్యాట్రిక్ వార్న్కే బృందం అందుకే ముఖాన్ని వదిలి వీపు వైపు చూసింది. సీటీ స్కాన్ కొలతలతో దవడ ఆకారంలో టైటానియం జాలీ అల్లించారు. అందులో పశువుల ఎముక నుంచి తీసిన ఖనిజపు ముక్కలు, ఎముకను పెంచే బీఎంపీ-7 ప్రొటీన్ 7 మిల్లీగ్రాములు, ఆయన సొంత మూలుగ 20 మిల్లీలీటర్లు. మూలకణాలు ఉండేది ఆ మూలుగలోనే. ఆ జాలీని ఆయన వీపు కండరంలో పెట్టి కుట్టేశారు.

ఏడు వారాలు. మనిషి వీపే దవడకు పొలమైంది. కండరంలోని రక్తనాళాలు జాలీలోకి పాకాయి. లోపల ఎముక కడుతోందని స్కాన్ చెప్పింది. అప్పుడు దాన్ని కండరంతో, రక్తనాళంతో సహా తీసి దవడలో అమర్చి, ఆ నాళాన్ని మెడలోని నాళాలకు కలిపారు.

2004 ఆగస్టులో వైద్య పత్రిక ‘లాన్సెట్’ ఈ సంగతి ప్రచురించగానే పేరంతా మూలకణాలకే వచ్చింది. ఎముక కట్టింది అవా, ప్రొటీనా అన్నది ఈ ఒక్క కేసుతో తేలదు. నా మటుకు అసలు ఘనత వీపు కండరానిదే.

దవడ అమర్చిన పదిహేను నెలలకు ఆయన గుండె ఆగి కన్నుమూశారు. కానీ దవడ అమర్చిన నాలుగు వారాలకే రొట్టె, సాసేజ్ నమిలి తిన్నారు. దాదాపు తొమ్మిదేళ్లలో అదే ఆయన తొలి గట్టి భోజనం.