గిజిగాడి గూడు: ఎన్నుకునేది ఎవరు?



వానాకాలంలో సూరత్ నగరం దాటి పల్లెల వైపు వెళితే చెరుకు తోటలు, వరి పొలాలు మొదలవుతాయి. గట్ల మీద అక్కడక్కడ ఈత చెట్లు ఉంటాయి. కొన్నింటి మట్టల చివర పొడవాటి గూళ్లు వేలాడుతూ కనిపిస్తాయి. గుజరాతీలు ఆ పక్షిని 'సుగరి' అంటారు. అది మన గిజిగాడే. జాషువా కవి పద్యాలు రాసింది ఈ పిట్ట మీదే.

సూరత్‌లోని లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో తెలంగాణ నుంచి బట్టల పనికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ ఇళ్ల పిల్లలకు జీవశాస్త్రం చెప్పవలసి వస్తే నేను గిజిగాడి గూటితోనే మొదలుపెడతాను. నేత వాళ్లకు కొత్త కాదు కదా! ఒకసారి ఒక అమ్మాయి అడిగింది: "సార్, కొన్ని గూళ్లు సగమే కట్టి వదిలేసింది ఎందుకు? సగం నేసిన గుడ్డను మా నాన్న మగ్గం మీది నుంచి కోయడు కదా?"

మంచి ప్రశ్న. ఈ ప్రశ్నకు సరైన జవాబు దొరకడానికి చాలా కాలం పట్టింది. ఆ చరిత్రే ఈనాటి మన పాఠం.

మొదట పాత జవాబులు చూద్దాం. గిజిగాడు గూట్లో తడి మట్టి పెట్టి, అందులో మిణుగురు పురుగులను గుచ్చి దీపంగా వాడుకుంటుందని మన పెద్దలు చెప్పేవారు. గూట్లో మట్టి ముద్దలు ఉండటం నిజమే. దీపం మాత్రం కథ. సగం గూళ్ల విషయంలోనూ ఇలాంటి ఊహలే ఉండేవి. నెల్లూరులో వైద్యాధికారిగా పనిచేసి, పక్షుల తెలుగు పేర్లను కూడా సేకరించిన టి.సి. జెర్డన్ 1862-64లో భారతదేశపు పక్షుల మీద పెద్ద గ్రంథం ప్రచురించాడు. ఆ కాలంలో చాలామంది అభిప్రాయం ఏమిటంటే, ఆడపక్షి గుడ్లు పొదుగుతూ ఉంటే మగపక్షి కూర్చుని సేదతీరడానికి ఈ అరకొర గూడు కట్టుకుంటుందని. గూటిని చూసినవారు ఎందరో ఉన్నారు. ఆ గూటి దగ్గరికి ఎవరు వస్తున్నారు, ఎవరు వెళ్లిపోతున్నారు అని రోజుల తరబడి కనిపెట్టి చూసినవారు లేరు.

ఇదే కాలంలో ఇంగ్లండులో చార్లెస్ డార్విన్‌ను మరో పక్షి వేధిస్తోంది. అది మన నెమలి. బతకడానికి పనికివచ్చే లక్షణాలే తరతరాలుగా నిలుస్తాయని ఆయన 1859లో ప్రకృతి వరణ సిద్ధాంతం చెప్పాడు. మరి ఎగరడానికి అడ్డుపడే, శత్రువుల కంటపడేలా చేసే అంత పెద్ద పింఛం ఎలా నిలిచింది? 1871లో ప్రచురించిన గ్రంథంలో ఆయన దీనికి సమాధానం వివరంగా ఇచ్చాడు. బతకడం ఒక్కటే చాలదు, జత కూడా దొరకాలి. మగవి తమలో తాము పోటీ పడతాయి. ఆడవి తమకు నచ్చినదాన్ని ఎన్నుకుంటాయి. ఆ ఎన్నిక వల్ల కూడా లక్షణాలు మారతాయి. దీన్నే లైంగిక వరణం అంటారు.

ఇందులో మగవాటి పోటీ అనే మాటను అందరూ తేలికగానే ఒప్పుకున్నారు. ఆడపక్షి ఎన్నుకుంటుందన్న మాట మాత్రం చాలామందికి రుచించలేదు. ప్రకృతి వరణాన్ని డార్విన్‌తో పాటు కనుగొన్న వాలెస్ కూడా దాన్ని అనుమానించాడు. ఒక పిట్టకు అంత విచక్షణ ఎక్కడిదని వారి సందేహం. ఆ తర్వాత సుమారు వందేళ్లు ఈ ఆలోచన ఒక మూలన పడి ఉంది.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. 1906-07 ప్రాంతంలో ముంబైలో పదేళ్ల కుర్రవాడొకడు చేతిలో ఎయిర్‌గన్‌తో పిచ్చుకల వెంట తిరిగేవాడు. గోడ కన్నంలో ఒక పిచ్చుక గూడు ఉంది. ఆడది లోపల పొదుగుతోంది, మగది బయట కాపలా కూర్చుంది. కుర్రవాడు మగపిచ్చుకను కొట్టాడు. కొద్దిసేపట్లోనే దాని స్థానంలో ఇంకొక మగపిచ్చుక వచ్చి కూర్చుంది. అలా ఏడు రోజుల్లో ఎనిమిది మగపిచ్చుకలను కొట్టాడు. ప్రతిసారీ మరొకటి సిద్ధంగానే ఉంది. తన వేట గొప్ప కోసం రాసుకున్న ఆ నాలుగు ముక్కలు నిజానికి పక్షుల జంట జీవితం మీద చక్కని పరిశీలన. ఆ కుర్రవాడే సాలిం అలీ. మీరు మాత్రం ఆ పద్ధతిని అనుసరించకండి. తర్వాతి జీవితమంతా ఆయన పక్షుల రక్షణ కోసమే పాటుపడ్డారు.

1930లో సాలిం అలీకి ఉద్యోగం లేదు. జర్మనీలో పక్షిశాస్త్రం నేర్చుకుని తిరిగి వచ్చేసరికి, ముంబై మ్యూజియంలో ఆయన చేసిన కొలువును నిధులు లేవని రద్దు చేశారు. భార్య తెహ్మినాతో కలిసి అలీబాగ్ దగ్గర సముద్రపు ఒడ్డున ఉన్న కిహీం గ్రామంలోని ఇంటికి చేరారు. ఇది సూరత్ ఉన్న పడమటి తీరంలోనే, ముంబైకి దక్షిణాన ఉంది. ఇంటికి దగ్గరలో గిజిగాళ్లు గూళ్లు కడుతున్నాయి. ఆ వానాకాలమంతా ఆయన వాటిని చూస్తూ కూర్చున్నారు. చూసినదంతా రాసుకుని 1931లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో ప్రచురించారు.

ఆయన ఏం చూశారు? గూడు కట్టే పని దాదాపు అంతా మగపక్షిదే. వరి ఆకుల నుంచి, గడ్డి నుంచి, తాటి, ఈత మట్టల నుంచి సన్నని పీచులు చీల్చి తెస్తుంది. గూడు పూర్తి కావడానికి దాదాపు 500 సార్లు తిరగాల్సి రావచ్చు. అయితే అది ఒక్క ఊపున పూర్తి చేయదు. బోర్లించిన బుట్టలాగా పైకప్పు, మధ్యలో అడ్డంగా ఒక గట్టి అల్లిక తయారవగానే ఆగిపోతుంది. దీన్నే హెల్మెట్ దశ అంటారు. అప్పుడు ఆడపక్షులు వస్తాయి. మగవన్నీ తమ గూళ్లకు వేలాడి రెక్కలు టపటపలాడిస్తూ ఒకటే అరుపులు. ఆడపక్షి గూట్లోకి దూరి పరీక్షిస్తుంది. నచ్చితే అక్కడే ఉంటుంది, లేకపోతే పక్క గూటికి వెళ్తుంది.

ఆడపక్షి ఒప్పుకున్న తర్వాతే మగది గుడ్ల గది పూర్తి చేసి, కిందికి గొట్టం లాంటి దారి అల్లుతుంది. ఆడది 2 నుంచి 4 తెల్లని గుడ్లు పెట్టి తానే పొదుగుతుంది. మగది పక్కనే మరో గూడు మొదలుపెట్టి ఇంకొక ఆడపక్షిని పిలుస్తుంది. ఎవరికీ నచ్చని గూడు అలాగే ఉండిపోతుంది. కొన్నిసార్లు మగపక్షే దాన్ని తెంచేసి మళ్లీ మొదలుపెడుతుంది.

ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు దొరికింది కదా! సగం గూడు మగపక్షి విశ్రాంతి మందిరం కాదు. అది బేరం కుదరని ఇల్లు. ఎన్నుకునేది ఆడపక్షి.

ఈ వ్యాసంతో సాలిం అలీ పేరు పక్షిశాస్త్రంలో నిలబడింది. 1931లోనే ఆయన హైదరాబాద్ సంస్థానంలో పక్షుల సర్వే మొదలుపెట్టి నల్లమల అడవుల్లో తిరిగారు. తర్వాత 1940లలో గుజరాత్ పక్షులనూ సర్వే చేశారు.

అయితే పరిశీలన ఒకటి, ప్రయోగం ఒకటి. ఆడపక్షి దేన్ని చూసి ఎన్నుకుంటుంది? 1982లో స్వీడన్ శాస్త్రవేత్త మాల్టె ఆండర్సన్ కెన్యాలో విడోబర్డ్ అనే పక్షి మీద ప్రయోగం చేశాడు. అది గిజిగాడి కుటుంబానిదే. మగదానికి సుమారు అర మీటరు తోక ఉంటుంది. కొన్నింటి తోకలు కత్తిరించి, ఆ ఈకలను మరికొన్నింటి తోకలకు అతికించాడు. తోక పెరిగిన మగపక్షుల దగ్గరికే ఎక్కువ ఆడపక్షులు వచ్చి గూళ్లు పెట్టాయి. డార్విన్ మాటకు వందేళ్ల తర్వాత దొరికిన గట్టి రుజువు ఇది.

మరి గిజిగాడి సంగతి? ఈ శతాబ్దపు తొలి సంవత్సరాల్లో భారతీయ శాస్త్రవేత్త సుహేల్ క్వాడర్ దీన్ని పరిశీలించారు. అల్లిక నైపుణ్యం కన్నా గూడు ఎక్కడ ఉందన్నదే ఆడపక్షికి ముఖ్యమని తేలింది. చెట్టు మీద ఎత్తులో కట్టిన గూళ్లకు మొగ్గు ఎక్కువ. అలాంటి గూళ్లలో పిల్లలు బతికి బయటపడే అవకాశం కూడా ఎక్కువే. అంటే ఆ ఎన్నిక ఒట్టి ముచ్చట కాదు, పిల్లల ప్రాణాలకు సంబంధించినది.

ఇక చివరి ప్రశ్న. గూడు కట్టిన మగపక్షే పిల్లలకు తండ్రా? కంటితో చూసి దీన్ని చెప్పలేం. 1968లో డేవిడ్ లాక్ అనే ప్రసిద్ధ పక్షిశాస్త్రవేత్త పదింట తొమ్మిది వంతులకు పైగా పక్షి జాతులు జంటగా కాపురం చేస్తాయని రాశాడు. కాపురం విషయంలో ఆ మాట నిజమే. కాని 1984లో అలెక్ జెఫ్రీస్ డీఎన్‌ఏ వేలిముద్రల పద్ధతి కనుగొన్నాడు. మూడేళ్లు తిరగకుండానే, 1987లో, బ్రిటన్ శాస్త్రవేత్తలు ఆ పద్ధతిని పిచ్చుకల మీద ప్రయోగించారు. ఒకే గూట్లోని పిల్లల్లో కొన్నింటికి తండ్రి వేరని బయటపడింది. చిన్ననాటి సాలిం అలీ కాచుకుని చూసిన పిచ్చుక జాతే ఇది!

తర్వాత ఎన్నో జాతులను పరీక్షించారు. 2002లో వాటి ఫలితాలన్నిటినీ కలిపి చూస్తే, జంటగా కాపురం చేసే పక్షుల్లో సగటున నూటికి 11కు పైగా పిల్లలకు తండ్రి వేరని తేలింది. ఆస్ట్రేలియాలోని ఫెయిరీ రెన్ అనే చిన్న పిట్టలో దాదాపు నాలుగింట మూడు వంతుల పిల్లలు అలాంటివే. గిజిగాళ్లలో తల్లి విషయంలో కూడా మోసం జరుగుతుంది: ఒక ఆడపక్షి మరొకదాని గూట్లో గుడ్డు పెట్టిపోవడం గమనించారు.

ఈ విద్యలో మన హైదరాబాద్‌కూ వాటా ఉంది. 1980ల చివర్లో సీసీఎంబీలో డాక్టర్ లాల్జీ సింగ్ బృందం కట్లపాము జాతి డీఎన్‌ఏ నుంచి తీసిన ప్రోబ్‌తో దేశీయ డీఎన్‌ఏ వేలిముద్రల పద్ధతిని తయారుచేసింది. మన న్యాయస్థానాల్లో పితృత్వ తగాదాలు తేల్చడానికి అది ఉపయోగపడింది.

ఇక్కడ మీకొక హెచ్చరిక. పక్షులను చూసి మనుషులకు నీతులు చెప్పకండి, మనుషుల నీతులతో పక్షులను కొలవకండి. గిజిగాడు దుర్మార్గుడూ కాదు, అతని జత చపలచిత్తా కాదు. ఆడపక్షికి విచక్షణ ఉండదని మనం ముందే తీర్మానించుకోవడం వల్లనే ఒక శతాబ్దం వృథా అయింది. మనకు నచ్చిన జవాబును ప్రకృతి నోట పెడితే ఇలాగే జరుగుతుంది.

ఈ వానాకాలంలో మీ ఊళ్లో గిజిగాళ్ల చెట్టు ఉంటే దూరంగా కూర్చుని రోజుకు అరగంట చూడండి. ఎన్ని సగం గూళ్లు, ఎన్ని పూర్తి గూళ్లు, గూడు కిందికి ఎంత ఎత్తు ఉంది అని తేదీ వేసి రాయండి. గూటిని ముట్టకండి, గుడ్లున్న కొమ్మను వంచకండి. ఇంటి స్థలాల కోసం ఆ ఈత చెట్టును కొట్టబోతుంటే, సీజను అయ్యేదాకా ఆగమని పెద్దలను అడగండి. ఎత్తైన చెట్టు లేకపోతే ఆ ఆడపక్షికి ఎన్నుకోవడానికి ఏమీ మిగలదు.

ఉద్యోగం పోయిన ఒక మనిషి ఒక్క వానాకాలం ఓపికగా చూసి, పుస్తకాలు చెప్పలేనిది చెప్పారు. మీకు కావలసింది కూడా అదే: ఒక నోటు పుస్తకం, కొంచెం ఓపిక.