కోయగూడెము, లంబాడీ తండా

జనగామ నుండి మహబూబాబాదు మీదుగా భూపాలపల్లి అడవులవైపు పోవువారికి మామూలు ఊళ్లుగాక లంబాడీ తండాలు, కోయగూడెములు కనబడును. కోయభాష ద్రావిడము, గోండీకి దగ్గరి చుట్టము. లంబాడీల గోరుబోలి రాజస్థానీకి దగ్గర. ఎద్దులపై ఉప్పు, ధాన్యము మోసి బ్రతికిన ఈ జనము, రైళ్లు వచ్చి ఆ వర్తకము పోగా క్రమముగా సేద్యమునకు దిగిరి.

1920లో సయ్యద్ సిరాజుల్ హసన్ నిజాం రాజ్యమందలి కులములను, తెగలను వర్ణించుచు గ్రంథము ప్రకటించెను. వియన్నావాడగు హైమండార్ఫ్ మార్గము వేరు. యుద్ధకాలమున శత్రుదేశీయుడని ఆంక్షలకు లోనై హైదరాబాదు రాజ్యమున ఉండవలసివచ్చిన ఈయన, ఆ నిర్బంధమునే అవకాశముగా మలచుకొనెను. చెంచుల, కొండరెడ్ల, గోండుల నడుమ నివసించెను, గోండీ నేర్చెను. గోండులకు భూమి పట్టాలు ఇప్పించుటలో ఆయన కృషి గొప్పది.

1976 చట్టముతో తెలంగాణ లంబాడీలు షెడ్యూల్డు తెగలలో చేరిరి. సరిహద్దు కావల మహారాష్ట్రలో అదే జనమునకు ఆ గుర్తింపు లేదు. అందుచే అవతలినుండి వలసలు పెరిగి ఆదిలాబాదులో గోండుల భూములు చేజారుచున్నవని 1982లో హైమండార్ఫ్ వ్రాసెను. తండా పిల్లలకో, ఆ జాబితాయే బడికి, కొలువునకు దారి అయినది. ఆదివాసులకు, లంబాడీలకు ఆ తగవు నేటికిని తీరలేదు. ఆయన వ్రాతను ప్రమాణముగా చూపువారు ఒకటి గమనింపవలెను: ఆయన కాపురమున్నది గోండుల మార్లవాయిలో, తండాలో కాదు.