అర్జీ నుంచి హక్కు దాకా: హైదరాబాదు నగరవీధుల నిర్వహణ – పౌరుల అసంతృప్తి – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

నగరవీధి పాడైనప్పుడు పౌరుడు ఎవరిని అడగాలి? ఈ ప్రశ్నకు నూటయాభై ఏళ్లలో లభించిన సమాధానాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 1869 నుంచి హైదరాబాదు వీధుల నిర్వహణ ఏయే సంస్థల చేతుల్లోకి మారిందో, న్యాయస్థానాలు ఆ బాధ్యతను ఎలా నిర్వచించాయో వివరించి, పౌరుని హక్కు బలపడిన కాలంలోనే సంస్థల బాధ్యత చీలిపోయిందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: హైదరాబాదు, పురపాలన, రహదారి భద్రత, నాలాలు, పౌరహక్కు.

1. ఉపోద్ఘాతం

వీధి, బాట, త్రోవ, దారి అని నడిచే తావుకు తెలుగులో పేర్లు చాలా ఉన్నాయి. ఆ తావు పాడైనప్పుడు పౌరుడు వాడే మాటలు మాత్రం ఎక్కువగా పారసీ, అరబ్బీ భాషల నుంచి పరిపాలన ద్వారా వచ్చి తెలుగులో స్థిరపడినవే. అర్జీ అంటే విన్నపం. ఫిర్యాదు అనే మాటకు పారసీలో మూలార్థం మొర, ఆక్రందన. దావా అంటే న్యాయస్థానంలో నిలబెట్టుకొనే వాదం. హక్కు అంటే తనకు న్యాయంగా చెందినది. ఈ నాలుగు మాటలూ పౌరునికి, ప్రభుత్వానికి మధ్య ఉండే సంబంధంలోని నాలుగు స్థితులను సూచిస్తాయి. వీధుల దుస్థితిపై ప్రజల అసంతృప్తి చరిత్రను ఈ స్థితుల వెలుగులో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. పురపాలన ఆరంభం

హైదరాబాదులో పురపాలన 1869లో ఆరంభమైంది. నగరాన్ని నాలుగు భాగాలుగా, శివారు ప్రాంతమైన చాదర్‌ఘాట్‌ను ఐదు భాగాలుగా విభజించారు. అంతకుముందు వీటి నిర్వహణ కొత్వాలు చేతిలో ఉండేది. శాంతిభద్రతలు చూసే అధికారే వీధుల బాగోగులు కూడా చూసేవాడు. మొదటి సాలార్‌జంగ్ హయాంలో పురపాలనకు, రహదారుల నిర్వహణకు కలిపి ఒకే శాఖ ఏర్పడింది. రహదారి అన్న మాట ఆ శాఖ పేరులోనే ఉండడం గమనార్హం. వీధిని బాగుచేయడం పురపాలన చేసే పనుల్లో ఒకటి కాదు, దాని పుట్టుకకు కారణాల్లో ఒకటి. అయితే ఆనాటి పౌరుడు పాలకుని దయను కోరే అర్జీదారు మాత్రమే.

3. మూసీ వరద – వీధి, కాలువల ఐక్యత

1908 సెప్టెంబరు 28న వచ్చిన మూసీ వరద నగరచరిత్రను మలుపు తిప్పింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల ఫలితంగా ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) జలాశయాలు వెలశాయి. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి ఇరుకు వీధులను వెడల్పు చేయించింది. పత్తర్‌గట్టి కట్టడాలు ఆ మండలి కృషికి నేటికీ నిలిచి ఉన్న సాక్ష్యాలు. ఈ దశ నేర్పిన పాఠం ఒకటుంది. నీరు పోయే దారిని, మనిషి నడిచే దారిని వేరువేరుగా ఆలోచించలేమని విపత్తు పాలకులకు తెలియజెప్పింది. మురుగునీటి వ్యవస్థ, వీధుల విస్తరణ ఆ కాలంలో ఒకే ప్రణాళికలో భాగాలయ్యాయి.

4. బాధ్యతల విభజన

1933లో చాదర్‌ఘాట్ హైదరాబాదు పురపాలనలో విలీనమైంది. 1960లో హైదరాబాదు, సికింద్రాబాదు నగరపాలక సంస్థలు ఏకమయ్యాయి. 2007లో చుట్టుపక్కల 12 పురపాలక సంఘాలను కలుపుకొని మహానగరపాలక సంస్థ ఏర్పడింది. పటంలో నగరం ఇలా ఏకమవుతూ వచ్చింది. అదే కాలంలో పనులు మాత్రం విడివడ్డాయి. 1989లో నీటిసరఫరా, మురుగునీటి పారుదలకు ప్రత్యేక మండలి ఏర్పడింది. 2008లో మహానగరాభివృద్ధి సంస్థ వచ్చింది. కంటోన్మెంటు బోర్డు, రోడ్లు-భవనాల శాఖ, జాతీయ రహదారుల సంస్థ, విద్యుత్తు సంస్థ, కేబులు కంపెనీలు వీటికి తోడు.

ఈ విభజన ఫలితం వీధిలోనే కనిపిస్తుంది. తారురోడ్డుకు నీరు శత్రువు. కాలువ పూడితే వాననీరు రోడ్డుపై నిలుస్తుంది. అది పగుళ్ల గుండా దిగి అడుగున ఉన్న కంకరపొరను వదులు చేస్తుంది. వాహనాల బరువుకు పైపొర కుంగి గుంత పడుతుంది. పైపు కోసమో, కేబులు కోసమో తవ్విన చోట మట్టిని సరిగా దిమ్మిస చేయకపోతే కథ మళ్లీ మొదలు. రోడ్డు వేసేది ఒకరు, తవ్వేది మరొకరు, కాలువ శుభ్రం చేయవలసింది వేరొకరు. గుంతలో పడేది మాత్రం పౌరుడు.

ఈ నిర్లక్ష్యం ప్రాణాలను బలిగొన్నది. 2020 సెప్టెంబరులో నేరేడ్‌మెట్‌లో, 2023 ఏప్రిల్‌లో సికింద్రాబాదులోని కళాసిగూడలో ఇద్దరు బాలికలు నాలాల్లో పడి మరణించారు. 2021 సెప్టెంబరులో మణికొండలో కాలువ పనుల కోసం తవ్విన చోట పడి ఒక ఉద్యోగి ప్రాణం కోల్పోయాడు. వాననీరు కప్పినప్పుడు రోడ్డేదో, కాలువేదో తెలియకపోవడం ఇటువంటి ప్రమాదాలకు ప్రధాన కారణం. 1908 నేర్పిన పాఠాన్ని నగరం మరచిపోయిందనడానికి ఇవి విషాద నిదర్శనాలు.

5. న్యాయస్థానాల పాత్ర

మొర దావాగా మారిన క్రమంలో కొన్ని తీర్పులు ముఖ్యమైనవి. ఢిల్లీ చాందినీచౌక్‌లోని గడియారస్తంభం కూలి మరణాలు సంభవించిన వ్యాజ్యంలో నగరపాలక సంస్థదే బాధ్యతని 1966లో సుప్రీంకోర్టు నిర్ణయించింది. 1980లో వచ్చిన రత్లాం పురపాలక సంఘం తీర్పు మరింత ముందుకు వెళ్లింది. మధ్యప్రదేశ్‌లోని ఆ పట్టణంలో ఒక వీధి నివాసులు మురుగుకాలువలు లేని దుర్గంధాన్ని భరించలేక మేజిస్ట్రేటును ఆశ్రయించారు. నిధులు లేవన్నది పురపాలక సంఘం వాదన. జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్, తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డిల ధర్మాసనం ఆ వాదనను తిరస్కరించింది. చట్టం అప్పగించిన ప్రాథమిక విధి నుంచి డబ్బు లేదన్న కారణంతో తప్పుకొనే వీలు లేదని తేల్చింది.

ఈ ప్రయాణం ఏకరీతిగా సాగలేదు. దారిన పోతున్న వ్యక్తిపై చెట్టు కూలిన రాజ్‌కోట్ వ్యాజ్యంలో 1997లో సుప్రీంకోర్టు నగరపాలక సంస్థపై బాధ్యత మోపడానికి అంగీకరించలేదు. కోయంబత్తూరుకు చెందిన ఎముకల శస్త్రవైద్యుడు ఎస్. రాజశేఖరన్ 2012లో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం ఫలితంగా 2014లో జస్టిస్ కె.ఎస్. రాధాకృష్ణన్ అధ్యక్షతన రహదారి భద్రతాసంఘం ఏర్పడింది. 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలోని 198-ఎ సెక్షను, రోడ్డు రూపకల్పనలో, నిర్మాణంలో, నిర్వహణలో భద్రతాప్రమాణాలు పాటించక మరణానికి, వైకల్యానికి కారణమైన అధికారసంస్థకు, గుత్తేదారుకు, సలహాదారుకు లక్ష రూపాయల దాకా జరిమానా విధించింది. గుంతల వల్ల మరణించినవారి కుటుంబాలకు 6 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని 2025 అక్టోబరులో బొంబాయి హైకోర్టు ఆదేశించింది.

6. చర్చ

కేంద్ర రహదారి రవాణా మంత్రిత్వశాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. వీరిలో గుంతల కారణంగా మరణించినవారు 1,856 మంది. మొత్తంలో ఇది నూటికి ఒకటికి కాస్త ఎక్కువ. శాతం చిన్నదే కావచ్చు. అయితే ఈ మరణాలకు ఒక ప్రత్యేకత ఉంది. వాహనం నడిపేవాడు ఎంత జాగ్రత్త పడినా నీటికింది గుంతను చూడలేడు. దానిని పూడ్చే అధికారం అతనికి లేదు. నివారణ పూర్తిగా నిర్వాహకుని చేతిలో ఉన్న ప్రమాదమిది. పౌరుల ఆగ్రహానికి మూలం ఈ నిస్సహాయతే.

చట్టం హక్కునిచ్చినా దానిని వినియోగించుకోవాలంటే ఆ రోడ్డు ఎవరిదో తెలియాలి. 1869లో అర్జీదారుకు హక్కు లేకపోయినా శాఖ ఏదో తెలుసు. నేటి పౌరునికి హక్కు ఉంది, చిరునామా లేదు. కార్యాలయం నుంచి కార్యాలయానికి తిరిగే దావా చివరకు మళ్లీ మొరగానే మిగులుతున్నది.

7. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. హైదరాబాదు పురపాలన వీధుల నిర్వహణను తన మూలవిధిగా చేసుకొని పుట్టింది.
2. 1908 వరద తరువాత వీధి, కాలువ ఒకే ప్రణాళికలో భాగాలయ్యాయి. తరువాతి కాలపు సంస్థాగత విభజన ఆ ఐక్యతను దెబ్బతీసింది.
3. నిధుల కొరత పురపాలక విధికి మినహాయింపు కాదని 1980 తీర్పు స్థాపించింది. పరిహారం విషయంలో న్యాయదృష్టి మాత్రం తీర్పుతీర్పుకూ మారుతూ వచ్చింది.
4. ప్రతి వీధికీ బాధ్యత వహించే సంస్థ పేరు, గుత్తేదారు పేరు, నిర్వహణ గడువు ఆ వీధిలోనే బహిరంగంగా ప్రకటించినప్పుడే పౌరుని హక్కు ఆచరణలోకి వస్తుంది.