వాగ్దాన కార్డు

వాగ్దాన కార్డు: కొత్త సంవత్సర ఆరాధనలో తెలుగు క్రైస్తవులు తీసుకునే బైబిలు వచనపు చీటీ. ఇచ్చిన మాట దేవుడు తప్పడన్న నమ్మకమే దీనికి మూలం. ఇందుకు హెబ్రీయులకు 10:23ను ఆధారంగా చూపుతారు.

డిసెంబరు 31 రాత్రి పన్నెండు దాటాక, పళ్లెంలో బోర్లించిన కార్డుల్లోంచి ఒక్కొక్కరూ ఒకటి తీస్తారు. ఏడాదంతా దాన్ని బైబిల్లో దాచుకుంటారు, లేదా గోడకు అంటిస్తారు. కొన్ని సంఘాల్లో పాస్టరే అందరికీ ఒకే వచనం ప్రకటిస్తారు.

దేవుడు మాట తప్పడన్న నమ్మకానికి తరచూ చెప్పే ఉదాహరణ ఒంగోలు. 1854 జనవరి 1న అక్కడి కొండపై మిషనరీ లైమన్ జెవెట్ దంపతులతో కలిపి ఐదుగురు ప్రార్థించారు. ఆ ప్రార్థనకు జవాబుగా చెప్పేది ఇది: 1878 జులై 3న, ఒక్కరోజే, గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం పొందారు.



సందర్భం వదిలేసి వచనాన్ని జాతకంలా చూడొద్దని కొందరు బోధకులు హెచ్చరిస్తారు.