రబ్బరు చక్రము – ఋతుధర్మము

మన వాహనముల క్రింద తిరుగు టైరు ఎండకు కరగదు, చలికి పగులదు. ఇది సహజమేనని మనము తలంతుము. కాని రబ్బరునకు ఈ ఓర్పు పుట్టుకతో వచ్చినది కాదు, మనుష్యుడు నేర్పినది. అది నేర్పుటలో ఒక మనుష్యుని సర్వస్వము హరించిపోయినది.

1830 తరువాత కొన్ని సంవత్సరములు అమెరికాలో రబ్బరు మోజు చెలరేగెను. దక్షిణ అమెరికా చెట్లపాలతో చేసిన జోళ్లు, కోట్లు నీటిని లోనికి రానీయవు గనుక జనులు ఎగబడి కొనిరి. చలికాలమున ఆ జోళ్లు కొయ్యవలె బిగుసుకొనెను. వేసవి రాగానే జిగురుముద్దలై దుర్గంధము వెదజల్లెను. కొన్నవారు సరకును తిప్పి పంపిరి. కంపెనీలు ఒకటొకటిగా మూతపడెను.

ఆ దినములలో చార్లెస్ గుడియర్ అను ఇనుపసామానుల వర్తకుడు దివాలా తీసి, ఋణము తీర్చలేక చెరసాల చూచెను. అందరును విడిచిన రబ్బరును అతడు పట్టుకొనెను. మెగ్నీషియా, సున్నము, నత్రికామ్లము – ఏది దొరకిన దానితో కలిపి చూచెను. కొంత నమ్మకము కుదిరిన పిమ్మట ప్రభుత్వ తపాలాశాఖకు 150 సంచులు చేయుటకు ఒప్పుకొనెను. వేసవి వేడికి ఆ సంచులు కూడ చెడిపోయెను. ఇంట పిల్లలకు తిండికే కరవయ్యెను.

1839లో మసాచుసెట్స్ రాష్ట్రమందలి వూబర్న్ గ్రామమున, గంధకము కలిపిన రబ్బరు అతని చేతినుండి మండుచున్న పొయ్యికి తగిలెను. అది కరగలేదు, తోలువలె మాడెను. మాడిన అంచు ప్రక్కన మెత్తని, సాగు భాగమొకటి మిగిలెను. ఆ తునకను అతడు రాత్రి గడ్డకట్టు చలిలో ఆరుబయట ఉంచెను. తెల్లవారిన పిదప వంచిచూడగా హాయిగా వంగెను. రెండు ఋతువుల పరీక్షయు ఒక్క రాత్రిలో నెగ్గినట్లయినది.

దీని రహస్యము నేడు మనకు తెలియును. రబ్బరు అణువులు పొడవైన దారములవంటివి. వేడికి అవి ఒకదానిపై నొకటి జారిపోవును. గంధకము వాని మధ్య వంతెనలు కట్టి జారనీయదు. ఈ ప్రక్రియకు రోమనుల అగ్నిదేవుడైన వల్కన్ పేరిట వల్కనీకరణమని పేరు వచ్చెను. గుడియర్‌కు 1844లో పేటెంటు లభించెను గాని ధనము లభింపలేదు. 1860లో అప్పులతోనే మరణించెను. ఆయన పేరుగల టైర్ల కంపెనీ 1898లో ఇతరులు స్థాపించినదే. ఆయన కుటుంబమునకు దానితో సంబంధము లేదు.

గాలి నింపిన చక్రమునకు 1845లో థామ్సన్ పేటెంటు పొందెను. 1888లో బెల్‌ఫాస్టు నగరపు పశువైద్యుడు డన్‌లప్ దానిని వాడుకలోనికి తెచ్చెను. మొదటి టైర్లు నల్లనివి కావు. 1904లో ఇంగ్లండునందలి సిల్వర్‌టౌన్‌లో కాటుకవంటి కార్బను పొడి కలిపినచో రబ్బరు బలపడునని కనుగొనిరి. ఎండలోని అతినీలలోహిత కిరణములనుండియు ఆ నలుపే టైరును కాపాడుచున్నది.

మంచుదేశముల చిక్కు వేరు. ఫిన్లండునందలి ఒక రబ్బరు కర్మాగారము 1934లో లారీలకు, 1936లో కార్లకు, లోతైన గాళ్లు గల చలికాలపు టైర్లు చేసెను. ఇప్పటి చలికాలపు టైర్లలో రబ్బరు మిశ్రమమే వేరు. వేసవి టైరు సుమారు 7 డిగ్రీల సెంటీగ్రేడు దిగువన బిగుసుకొని పట్టు కోల్పోవును. కెనడా దేశపు క్విబెక్ రాష్ట్రమున 2008 నుండి శీతకాలమున ఇట్టి టైర్లు చట్టరీత్యా విధి. అచ్చటి మన తెలుగువారును ఏటేట చక్రములు మార్పించుకొనవలసినదే.

మన రామగుండము, రెంటచింతల ఎండలలో భయము మరొకటి. 30 పౌనుల ఒత్తిడి గల టైరులో వేడి 10 డిగ్రీలు పెరిగిన, ఒత్తిడి దాదాపు ఒకటిన్నర పౌను హెచ్చును. అది చూచి కొందరు మధ్యాహ్నమున గాలి తీసివేయుదురు. ఇది పొరపాటు. గాలి తగ్గిన టైరు ప్రతి చుట్టునందును ఎక్కువగా నలిగి, ఆ నలుగుటచేతనే మరింత వేడెక్కి పగులును. వేసవిలో ఎక్కువ గాలికన్న తక్కువ గాలియే ప్రమాదకరము. కనుక ఉదయమున, బండి కదలకముందే, చల్లని టైరులో గాలి చూచుకొనవలెను.

వానకాలమునకు గాళ్లే రక్ష. చక్రము క్రింది నీటిని అవియే వెలికి నెట్టును. గాళ్ల అడుగున 1.6 మిల్లీమీటర్ల ఎత్తున చిన్న దిమ్మలుండును. టైరు అరిగి వానితో సమమైనచో, తొలకరికి ముందే మార్చుట మేలు. గుడియర్ గెలిచినది ఎండచలులను మాత్రమే. అరుగుదలకు మందు అతని పొయ్యిలో దొరకలేదు.