నల్లరేగడి నేలపై పరిశ్రమల పట్టణం – కోవిల్‌పట్టి

విరుదునగరంలో రైలెక్కి దక్షిణంగా వెళ్లేవారికి సాత్తూరు దాటిన తరువాత ఇరువైపులా నల్లరేగడి చేలు కనిపిస్తాయి. ఆ చేల నడుమ వచ్చే పెద్ద పట్టణమే కోవిల్‌పట్టి. తమిళంలో కోవిల్ అంటే గుడి, పట్టి అంటే పల్లె. పూవననాథస్వామి గుడి ఉన్న ఆ పల్లె నేడు నూలు మిల్లులతో, అగ్గిపెట్టెల కార్ఖానాలతో పరిశ్రమల పట్టణమైనది. దీనికి పెద్ద నది లేదు, గనులు లేవు. మరి ఇన్ని పరిశ్రమలు ఎట్లా నిలిచినవి? అందులో మనవారి పాలు ఎంత? ఉగాది వేళ ఒకమారు తలచుకొందాం.

మనవారు ఇటు రావడం నిన్నమొన్నటి మాట కాదు. 1529లో విశ్వనాథ నాయకుడు మధురలో పాలన చేపట్టిన పిమ్మట ఆ రాజ్యం 72 పాళెములుగా ఏర్పడినదని ప్రసిద్ధి. కమ్మవారు, రెడ్లు, రాజకంబళ నాయకులు ఈ నేలలో స్థిరపడ్డారు. ఎట్టయపురం, పాంచాలంకురిచ్చి పాళెగాండ్రు తెలుగు వంశాలవారే. 1799 అక్టోబరు 16న ఆంగ్లేయులు కట్టబొమ్మనను ఉరితీసిన కయత్తారు కోవిల్‌పట్టికి దక్షిణాన, తిరునెల్వేలి బాటలోనే ఉన్నది. ఇక పాళెములు లేనివారు నాగలి పట్టారు. వాన తక్కువైనా తేమను పట్టి ఉంచే రేగడిలో పత్తి, జొన్న, సజ్జ పండించారు.

ఆ పత్తియే పట్టణానికి పునాది. 1876లో తూత్తుకుడికి రైలు వచ్చినది. పత్తికి రేవు దారి దొరికినది. 1891లో ఇక్కడ లాయల్ మిల్లు వెలసినది. కోయంబత్తూరులో 1910లో జి. కుప్పుస్వామి నాయుడుగారు ప్రారంభించిన లక్ష్మీ మిల్లువారు కూడా తరువాత ఇక్కడ మిల్లు నడిపారు. మెట్టపైరుల కొరకు 1901లోనే వ్యవసాయ పరిశోధనా కేంద్రం ఏర్పడినది.

వాన లేమి మరొక పరిశ్రమకు వరమైనది. 1922లో శివకాశి నుండి అయ్య నాడారు, షణ్ముగ నాడారు కలకత్తా వెళ్లి అగ్గిపెట్టెల పని నేర్చి వచ్చారు. ఆ పని శివకాశి నుండి సాత్తూరుకు, కోవిల్‌పట్టికి పాకినది. పుల్లలను చట్రంలో ఒక్కొక్కటిగా పేర్చడం, కొనలను మైనంలో, పిమ్మట మందులో ముంచడం, ఆరబెట్టడం, పెట్టెలో నింపి చీటీ అంటించడం – అన్నిటికీ పొడిగాలి కావాలి, ఓపికగల చేతులు కావాలి. పంట ఎండిన ఏడు ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగించినవి స్త్రీల ఈ చేతులే. పిల్లల చేతులు కూడా అందులో నలిగినవన్నది దాచరాని సత్యం. 1986 చట్టం 14 ఏండ్లలోపు వారిని ఈ పనిలో పెట్టరాదన్నది. రూపాయి అగ్గిపెట్టె 14 ఏండ్ల తరువాత 2021 డిసెంబరులో రెండు రూపాయలైనది. చౌక లైటర్ల పోటీకి ఈ చేతిపని వెనుకంజ వేస్తుంటే, 2023లో కేంద్రం 20 రూపాయలలోపు లైటర్ల దిగుమతిని నిషేధించినది.

ఊరి వేరుశనగ పాకం అచ్చులకు 2020లో భౌగోళిక గుర్తింపు దక్కినది. ఊరి పేరు నిలిచినది. మరి మన భాష?

దగ్గరలోని ఎట్టయపురంలో సుబ్బరామ దీక్షితులు తమ ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని 1904లో తెలుగు లిపిలోనే అచ్చువేయించారు. కోవిల్‌పట్టి ప్రక్కన ఇడైచేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ ఇంటి భాష తెలుగు. మనవారి వలస కథను ఆయన తమిళంలో వ్రాశారు. 1991లో సాహిత్య అకాడెమీ బహుమతి పొందారు, 2021లో కన్నుమూశారు. తమిళం మనకు అన్నం పెట్టిన భాష, దానిలో ఆయన పొందిన కీర్తి మనకూ గర్వమే. కాని నేడు మన ఇళ్లలో అవ్వ తెలుగులో చెప్పిన మాటను మనుమరాలు తమిళ అక్షరాలలో వ్రాసుకొంటున్నది. పెండ్లి పత్రిక కూడా అంతే. ఈ సంచిక చేతికి వచ్చినా ఎవరో చదివిపెట్టాలి.

నీరు లేని నేలలో పరిశ్రమలు నిలిపిన చేతులకు యాభై ఆరు అక్షరాలు భారమా? ఈ ఉగాదినాడు పచ్చడి తిన్న పిమ్మట, ఇంటిలోని పిల్లచేత తన పేరు తెలుగులో వ్రాయించండి. మరునాడు ఊరి పేరు వ్రాయించండి. మూడవనాడు ఈ వ్యాసాన్ని ఆ పిల్లే అవ్వకు చదివి వినిపించే ప్రయత్నం మొదలుపెట్టగలదు.